పొడి గౌను

బందరులో బట్టల కొట్టతను ఒక ఏడు నన్ను నిలదీసినంత పని చేశాడు. "ఎన్నేళ్ళ పాపకండి?" అన్నాడు. ఆరేళ్ళన్నాను. "పోయినేడు కూడా ఆరే అన్నారు కదా మేడమ్!" నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ పిల్లకి ఎప్పుడూ ఆరేళ్ళే.

ఆ పిల్ల మా అత్తగారి తొలిచూలు కూతురు. మావారు పుట్టకముందు, దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు, ఆవిడ చేతిలోంచే జారిపోయింది. శవం దొరకలేదు గనక సమాధీ లేదు. ఈస్టర్ తెల్లవారుజామున ఊరంతా సున్నం కొట్టిన సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, అత్తయ్య చంకలో తువ్వాలు, కొత్త గౌను పెట్టుకుని సముద్రపు కరకట్ట ఎక్కేది. పొద్దు పొడిచేదాకా నీళ్ళకేసి చూస్తూ నిలబడేది. సముద్రం తనలోని మృతుల్ని అప్పగిస్తుందని బైబిల్లో ప్రకటన గ్రంథంలో ఉంది. మేమంతా చదివి, ఆమేన్ అని, పుస్తకం మూసేశాం. ఆవిడ పొడిబట్టలు సిద్ధం చేసుకుంది.

పెళ్ళైన కొత్తలో, గుడివాడ సండే స్కూల్లో నేర్చిన తెలివంతా చూపించబోయాను. "అది కడవరి దినాన కదండీ అత్తయ్యా!"

"ఆ రోజు ఎప్పుడో ప్రభువు నీకు చెప్పాడా? నాకైతే చెప్పలేదు. తడిసొచ్చిన పిల్ల గాలికి వణికిపోదూ?"

ఏటా గౌను కొనిపెట్టాను, పండగయ్యాక ఊళ్ళో ఎవరో ఒక పిల్లకి ఇచ్చేశాను. నిజం చెప్పొద్దూ, లోలోపల ఆవిడకి మతి చలించిందనే అనుకునేదాన్ని.

ఈ ఏడు అత్తయ్య తుంటి విరిగి మంచాన పడింది. "నా బదులు నువ్వెళ్ళమ్మా. ఎవరూ లేకపోతే, అమ్మ మళ్ళీ చెయ్యి వదిలేసిందనుకుంటుంది. తెల్లారేదాకా ఉంటావుగా?"

ఉంటానని మాటిచ్చాను.

కట్ట మీద గాలి లేదు. మంచు పట్టి నీళ్ళు కనిపించలేదు. వెనక సమాధుల తోటలో పాట ఆగిపోయింది. అప్పుడు వినిపించింది, నీళ్ళలో అడుగుల చప్పుడు. చిన్న అడుగులు. కొంగేమో అనుకున్నాను. కొంగ ఆగి ఆగి నడుస్తుంది, ఇది ఆగలేదు. "ఎవరదీ?" అన్నాను. ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది, ఇంకాస్త దగ్గరగా. గౌను గుండెకి హత్తుకుని పరుగో పరుగు! హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని, సిగ్గు లేకుండా పారిపోయి వచ్చాను.

అత్తయ్య మేలుకునే ఉంది. "తెల్లారేదాకా ఉన్నావా?"

"ఉన్నానండి."

కిటికీ అవతల ఇంకా చీకటే. ఆవిడ అటు చూసి, నావైపు చూసింది. "పోన్లే. నువ్వు మాట తప్పితే ప్రభువు తప్పుతాడా ఏంటి!"

తిట్టినా బాగుండేది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "భయమేసిందండి. నీళ్ళల్లో ఎవరో చిన్నపిల్ల నడుస్తున్నట్టు..."

అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది. ఆ ముసలి చేతికి అంత బలం ఎక్కడిదో!

"ఎటు? లోపలికా, ఒడ్డుకా?"

"ఒడ్డుకే అత్తయ్యా." అది అబద్ధం కాదు.

"మరి ఇంకా ఇక్కడున్నావేం తల్లీ! పరిగెత్తు!"