ఎడంచేతి అంటు

రూబీది ఎడంచేతి వాటం. అన్నం ఒక్కటే కుడిచేత్తో తింటుంది. అదైనా వాళ్ళ మామ్మ జ్ఞానమ్మ చిన్నప్పుడు ఆ ఎడంచేతికి వేపాకు పసరు పూసి పూసి అలవాటు చేసింది కాబట్టి. రాయడం, కొయ్యడం, ముడెయ్యడం అన్నీ ఎడమే. బళ్ళో ఎవరూ పట్టించుకోలేదు. మొక్కల నర్సరీలో మాత్రం పట్టించుకుంటారని ఆమె తండ్రి జయపాల్‌కి భయం.

జయపాల్ కడియపులంకలో శ్యాంబాబుగారి నర్సరీలో ముప్పై ఏళ్ళుగా అంట్లు కడుతున్నాడు. టెంక నుంచి మొలిచిన మామిడి మొక్కకి పక్కన ఏటవాలుగా చెక్కు తీసి, మంచి కాపు చెట్టు నుంచి తెచ్చిన పుల్లని అక్కడ అతికించి, ప్లాస్టిక్ పట్టీ బిగించి చుడితే, నెలన్నర తిరిగేసరికి రెండూ ఒకటైపోతాయి. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికే చెయ్యి కావాలి. జయపాల్ వంద కడితే తొంభై బతుకుతాయని ఆ చుట్టుపక్కలంతా పేరు.

రూబీ ఇంటర్లో తోటల పెంపకం ఒకేషనల్ గ్రూపు తీసుకుంది. ఆ గ్రూపు పిల్లలు చదువుతోపాటు ఎక్కడో ఒకచోట పని కూడా నేర్చుకోవాలి. ఇంకెక్కడికో ఎందుకని తండ్రి దగ్గరే చేరింది. మొదటిరోజు కత్తి ఎడంచేత్తో పట్టుకోగానే జయపాల్ గబగబా చుట్టూ చూశాడు.

"ఆ చేత్తో వద్దమ్మా. జనం ఈ మొక్కల్ని గృహప్రవేశాలకీ, పుట్టినరోజులకీ పట్టుకెళ్తారు. ఎడంచేతి అంటని తెలిస్తే బాబుగారి మొహాన కొట్టి పోతారు."

"ఇంటి దగ్గర నేర్చుకుంటూ కుడిచేత్తో కట్టినవన్నీ ఎండిపోయాయి కదా నాన్నా! ఎడంచేత్తో కట్టినవాటికి నిన్న చిగురొచ్చింది. నువ్వే చూపించావు."

జయపాల్ అబద్ధం ఆడలేడు, నిజం చెప్పలేడు. మధ్యేమార్గం ఒకటి పట్టాడు. షెడ్డు వెనక, ఎవరూ తిరగని మడి కూతురికి ఇచ్చాడు. శ్యాంబాబుగారి బండి చప్పుడు వినపడితే కత్తి కుడిచేతికి మారిపోవాలి. ఏ మడి ఎవరు కట్టారో రాసే నోటుపుస్తకంలో ఆ మడి ఎదురుగా 'జయపాల్' అని రాయించాడు. అలా రెండేళ్ళు గడిచాయి. కూతురు నీళ్ళు పెడుతూ, కవర్లు మోస్తూ తండ్రికి సాయం చేస్తోందని శ్యాంబాబుగారు అనుకున్నారు.

తర్వాత రూబీ రాజమండ్రిలో డిగ్రీలో చేరింది. ఇక్కడ క్రెడిట్ల సంగతి కాస్త చెప్పుకోవాలి. రూబీ కాలేజీలో మార్కులతోపాటు ప్రతి కోర్సుకీ ఇన్నని క్రెడిట్లు ఇస్తారు. మొత్తం పోగైతే డిగ్రీ చేతికొస్తుంది. ఇంటర్లో చేసిన పనికీ, ఆన్‌లైన్లో చదివిన కోర్సులకీ కూడా రుజువు చూపిస్తే ఆ కాలేజీ క్రెడిట్లు కలుపుతుంది. ఒక సెమిస్టరుకి సరిపడా కలిశాయంటే ఆ సెమిస్టరు చదవక్కర్లేదు. ఆరు సెమిస్టర్ల చదువు ఐదింటితో అయిపోతుంది.

ఈ సంగతి చెప్పింది బోటనీ మేడం ఉమాశ్రీ.

"నీకు ఇరవై కావాలి. ఆన్‌లైన్ కోర్సులవి ఎనిమిది ఉన్నాయి. నర్సరీలో పని చేశావుగా, దానికి పన్నెండు. నువ్వే కట్టావని ఓనరుగారి దగ్గర కాగితం తెచ్చుకో. ఈ నెలాఖరు దాటిందంటే నేనేం చెయ్యలేను."

రూబీ నెలలు లెక్కపెట్టుకుంది. కడియపులంక దగ్గర కొత్తగా పెట్టిన టిష్యూ కల్చర్ ల్యాబులో జనవరిలో నలుగుర్ని తీసుకుంటున్నారు. డిగ్రీ చేతిలో ఉండాలి. అక్కడ మొక్కల్ని గాజు సీసాల్లో పెంచుతారు. ఒకసారి కాలేజీవాళ్ళు తీసుకెళ్తే చూసింది. ప్రతి సీసా మీదా చిన్న చీటీ, ఆ చీటీ మీద అది చేసినవాళ్ళ పేరు. మిగతా పిల్లలు ఏసీ చూశారు, తెల్లకోట్లు చూశారు. రూబీ మాత్రం ఆ చీటీల్నే చూస్తూ నిలబడిపోయింది.

శ్యాంబాబుగారు మంచాయనే. పాత నోటుపుస్తకాలన్నీ దులిపి తీశారు.

"నీ పేరెక్కడా లేదే తల్లీ! అంతా మీ నాన్నదే. లేనిది రాసి సంతకం పెట్టమంటే ఎలాగమ్మా? రేపు మీ కాలేజీవాళ్ళు వచ్చి అడిగితే?"

ఇంటికొచ్చి తండ్రి ముందు కూర్చుంది.

"నాన్నా, చెప్పు. బాబుగారికి నువ్వే చెప్పాలి."

జయపాల్ కత్తి నూరుతున్నవాడు నూరుతూనే ఉన్నాడు. "ముప్పై ఏళ్ళ నమ్మకం అమ్మా. రెండేళ్ళు మోసం చేశానండీ అని ఏ మొహం పెట్టుకు చెప్పను? ఇంకో ఆర్నెల్లు చదువుకుంటే ఏం పోయింది? అందరూ మూడేళ్ళే చదువుతారుగా."

"ఆర్నెల్ల కోసం కాదు. అవి నేను కట్టినవి."

జ్ఞానమ్మ అరుగు మీంచి అందుకుంది. "ఆనాడే చెప్పాను, చర్చిలో కానుకైనా కుడిచేత్తోనే వెయ్యాలని. విన్నారా ఎవరైనా?"

"నువ్వు పసరు ఇంకాస్త గట్టిగా పూయాల్సింది మామ్మా," అంది రూబీ. ఎవరూ నవ్వలేదు.

మర్నాడు ఉమాశ్రీ మేడంకి ఉన్నదున్నట్టు చెప్పలేక, "కాగితం లేదండి, కావాలంటే కట్టి చూపిస్తాను," అంది. మేడం ఒప్పుకుంది. శనివారం పూట, ముసురులో గొడుగేసుకుని కడియపులంక వచ్చింది. అంట్లు కట్టడానికి అదే అదను. షెడ్డు కింద బల్ల మీద మొక్క, పుల్ల, పట్టీ, కత్తి పెట్టారు. ఒకపక్క శ్యాంబాబుగారు, ఒకపక్క మేడం, స్తంభం దగ్గర జయపాల్.

రూబీ కత్తి తీసింది. కుడిచేత్తోనే తీసింది. బాబుగారు ఎదురుగా ఉంటే కత్తి కుడిచేతిలో ఉండాలి. రెండేళ్ళ అలవాటు, పైగా తండ్రి పరువు. చెక్కు వంకరగా లేచింది. పుల్ల చీలింది. రెండో మొక్క ఇచ్చారు. ఈసారి కత్తి జారి కాండం సగానికి దిగిపోయింది.

మేడం మొహం చిన్నబుచ్చుకుంది. "కంగారు పడకు," అంది గానీ, చేతిలో పెన్ను మూత పెట్టేసింది.

శ్యాంబాబుగారు మెల్లగా, "పోనీలెండి, చిన్నపిల్ల. వాళ్ళ నాన్న కట్టేటప్పుడు పక్కనుండి చూసుంటుంది," అన్నారు.

ఆ మాట జయపాల్‌కి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కూతురు తల వంచుకుని చీలిన పుల్లని చూస్తోంది. నోరు విప్పి ఒక్క మాట అనడం లేదు. తనని కాపాడుతోంది.

"ఎడంచేత్తో కట్టమ్మా," అన్నాడు.

రూబీ తండ్రి వంక చూసింది.

"కట్టు. బాబుగారికి నేను చెప్పుకుంటాను."

కత్తి చెయ్యి మారింది. ఇంక చూడాలి! చెక్కు ఒక్క గీతలో లేచింది, పుల్ల ఒరలో కత్తిలా కూర్చుంది, పట్టీ సర్రున చుట్టుకుంది. ఊపిరి పీల్చి వదిలేంతలో అయిపోయింది.

"ఆ వెనక మడి రెండేళ్ళూ దీనిదేనండి," జయపాల్ చేతులు కట్టుకుని చెప్పాడు. "నా పేరు రాయించాను. తప్పు నాదే."

"ఏంటి జయపాలూ నువ్వనేది! ఆ మొక్కలన్నీ...?"

"బతికాయండి. నావాటికంటే రెండు ఎక్కువే బతికాయి."

ఉమాశ్రీ మేడం గొడుగు కూడా వేసుకోకుండా షెడ్డు వెనక్కి నడిచింది. అక్కడ అమ్ముడుపోని మామిడి మొక్కలు పెద్ద కవర్లలో నలభై దాకా ఉన్నాయి. పట్టీ ఆలస్యంగా విప్పితే ఆ చుట్ల అచ్చు కాండం మీద ఉండిపోతుంది. ముందు వరసలో జయపాల్ మొక్కలకి చుట్లు ఒకవైపు తిరిగి ఉన్నాయి. ఈ నలభైకీ రెండోవైపు. మేడం వేలుతో ఒక్కొక్కటీ తడిమి చూసి, పెన్ను మూత తీసింది.

శ్యాంబాబుగారు పాత నోటుపుస్తకం తెప్పించి, జయపాల్ పేరు కొట్టేసి పైన రూబీ అని రాశారు. కాగితం మీద సంతకం పెట్టిచ్చారు. ఇచ్చేటప్పుడు మాత్రం, "కొనేవాళ్ళ దగ్గర ఈ కబురు ఎత్తొద్దు," అన్నారు. జయపాల్ "ఆయ్" అని మాటిచ్చాడు.

పన్నెండు క్రెడిట్లూ కలిశాయి. రూబీ చదువు డిసెంబరుకే అయిపోయింది. సంక్రాంతి తర్వాత ల్యాబులో చేరింది. రెండు చేతులకీ గ్లవుజులే. ఏ చేత్తో చేస్తున్నావని అక్కడ ఎవరూ అడగలేదు. ఒకరోజు జయపాల్ క్యారేజీ ఇవ్వడానికి వచ్చి, అద్దం ఇవతల నుంచి సీసాల వరస చూశాడు. కూతురు ఒక సీసా ఎత్తి చీటీ ఇటు తిప్పింది. దూరానికి అక్షరాలు ఆనలేదు గానీ, తలూపాడు.

మరో వారానికి నిడదవోలు నుంచి ఒకాయన మామిడి మొక్కలకి వచ్చాడు. వెనక మడిలో మొక్క నచ్చింది. "బావుందోయ్, నువ్వే కట్టావా?"

అప్పుడప్పుడు మాట తప్పడం కూడా మంచిదే కాబోలు.

"మా అమ్మాయండి. ఎడంచెయ్యి దానిది."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, ఆ మొక్క దింపేసి ముందు వరసలోది పట్టుకెళ్ళాడు. జయపాల్ ఏమీ అనుకోలేదు. సాయంత్రం ఆ దింపేసిన మొక్కని బాబుగారికి చెప్పి కొనుక్కుని, సైకిలు మీద ఇంటికి తెచ్చి, జ్ఞానమ్మ అరుగుకి ఎదురుగా గొయ్యి తవ్వాడు.

"ఇక్కడెందుకురా, దారికడ్డం?" అంది జ్ఞానమ్మ.

"నీకు కనపడాలని," అన్నాడు.