ఎడమ పక్క

ఆ రోజు పొద్దున ఇడ్లీ తింటూ, చట్నీ వేయలేదేమని అడిగాడు మా ఆయన. వేశాను. ప్లేటులో కుడి పక్కనే ఉంది. చూసుకోకుండా మాట్లాడతారేంటని విసుక్కున్నాను కూడా. తర్వాత లేచి వంటింట్లోకి వస్తూ గుమ్మానికి కుడి భుజం కొట్టుకున్నాడు. గుమ్మం ఎవరో జరిపినట్టు దానివైపు చూశాడు. అప్పుడు భయమేసింది నాకు.

తలలో ఒక సన్నటి నరం మూసుకుపోయిందని ఆస్పత్రిలో చెప్పారు. రెండు కళ్ళలోనూ కుడి సగం చూపు పోయింది. కళ్ళకేం కాలేదు, మెదడులో చూసే చోటే ఒక ముక్క దెబ్బతింది. ముందుకు చూస్తుంటే ఎడమ సగం అంతా కనిపిస్తుంది, కుడి సగం ఉండదు. నడవచ్చు, చదవచ్చు కొంచెం మెల్లగా, ఆఫీసు పని చేసుకోవచ్చు. కారు మాత్రం నడపకూడదు. ముప్ఫై ఏళ్ళుగా కారు నడుపుతున్న మనిషికి ఆ మాట చెప్పడానికి డాక్టరుకి అర నిమిషం పట్టింది.

అప్పటిదాకా మా ఇంట్లో కారు ఆయనది. నాకూ లైసెన్సు ఉండేది గానీ, నా డ్రైవింగు అంతా హూడిలో మా ఇంటి నుంచి కూరగాయల అంగడి దాకా, వాన పడితే నా ఆఫీసు దాకా. పక్కన ఆయన ఉంటే ఆ కాస్తా కూడా నరకమే. "బ్రేకు, బ్రేకు", "ఆ లారీ పక్కన పోవద్దు", "ఇండికేటర్ ఎవరేస్తారు, మీ నాయనా?" అని దారి పొడుగునా వాయించేవాడు. దిగిపోండి, ఆటోలో రండి అని రెండుసార్లు నిజంగానే దింపేశాను.

ఆస్పత్రి నుంచి వచ్చాక స్టీరింగు నా చేతికొచ్చింది. ఆయన ఎడమ సీట్లో కూర్చుని మాట్లాడడమే మానేశాడు. వర్తూరు రోడ్డు మీద నీళ్ళ ట్యాంకరు నా మీదికి వచ్చినా మాట లేదు, నేను తప్పు లేన్లోకి దూరినా మాట లేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చునేవాడు. నా డ్రైవింగు చూడలేక మూతి ముడుచుకున్నాడనుకున్నాను. పోనీలే, చూపు పోగొట్టుకున్న మనిషి కదా అని నేనూ ఏమీ అడగలేదు. ఏదీ అడిగి ఇబ్బంది పెట్టకూడదని నా మటుకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. అదేదో గొప్ప మంచితనమనుకున్నాను.

ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. ఈలోపు మేము ముందెప్పుడో కొనుక్కున్న టిక్కెట్ల రోజు దగ్గర పడింది.

పెళ్ళికి ముందు మూడేళ్ళు ఆయన ఒమాన్‌లో రోడ్లు వేసే కంపెనీలో సైటు ఇంజినీరు. మస్కట్ నుంచి కొండల్లోకి పోయే ఒక రోడ్డులో కొంత ముక్క తను దగ్గరుండి వేయించిందే. ఆ రోడ్డు మీద నన్ను తనే కారులో తిప్పాలని పెళ్ళైన కొత్తలోనే మాటిచ్చాడు. పిల్లల చదువులు, ఇంటి లోను, ఇవన్నీ అయ్యాక ఇన్నాళ్ళకి టిక్కెట్లు కొన్నాం. ఇప్పుడేమో "ట్యాక్సీలో పోదాం, ఏముండాది దాంట్లో" అన్నాడు. ఆ గొంతు నాకు నచ్చలేదు.

"నేను నడుపుతా," అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. నాకు ఒళ్ళు మండింది. కనీసం నీ వల్ల కాదని అనచ్చు కదా.

అక్కడ కార్లకి స్టీరింగు ఎడమ పక్క ఉంటుంది, రోడ్డుకి కుడి వైపు పోవాలి. నా చేతులూ కాళ్ళూ మెడా అన్నీ తిరగేసి నేర్చుకోవాలి. ఎవరికీ చెప్పకుండా వర్తూరులో నాకు కారు నేర్పిన డ్రైవింగ్ స్కూలు పెద్దాయన దగ్గరికి పోయాను. ఆయన తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్న తెలుగు మనిషి, మాట్లాడితే సగం కన్నడం.

నా సమస్య అంతా విని, "మా కారులో ఎడమ పక్క బ్రేకు ఉండాది, క్లచ్చు ఉండాది, స్టీరింగు ఒకటే లేదమ్మా," అన్నాడు. "నా సీట్లో నువ్వు కూకో."

అమ్ముడుపోని ఇళ్ళ స్థలాలున్న ఒక లేఅవుట్‌లోకి తీసుకుపోయాడు. తను కుడి సీట్లో స్టీరింగు పట్టుకున్నాడు, నన్ను నేర్పేవాళ్ళ సీట్లో కూర్చోబెట్టాడు. ఖాళీ రోడ్డు మీద మెల్లగా పోతూ, కారు అంచు ఎక్కడుందో ఎడమ నుంచి చూసి చెప్పమన్నాడు. నేను చెప్పినచోట అంచు లేదు. మొదటి రోజు రెండు సార్లు కాలువ దాకా పోయాం. చేతిలో స్టీరింగు లేకుండా రోడ్డు చూస్తూ కూర్చోవడం ఎంత భయమో నాకు ఆ సీట్లో తెలిసింది. తెలిసింది గానీ, దాన్ని మా ఆయనతో కలిపి ఆలోచించలేదు.

"మీకు రోజూ ఇట్లే ఉంటుందా?" అని అడిగాను.

"నేను నోరు మూసుకుంటే ఉంటాదమ్మా. అందుకే ఊరికే మాట్లాడతా ఉంటా."

నాలుగు ఆదివారాలు అలా తిరిగాక అంచులు కుదిరాయి. చివరి రోజు నా పాదాల వైపు చూశాడు. "ఆడ కార్లు ఆటోమాటిక్. ఎడమ కాలికి పని లేదు. అది సుమ్నే, ఊరికే ఉండాల. ఉండదు. క్లచ్చు అనుకుని బ్రేకు తొక్కుతాది, వెనక లారీ వచ్చి గుద్దుతాది. కారెక్కినాక ఎడమ కాలి చెప్పు తీసి వెనక సీట్లో పెట్టు. ఉత్త కాలు మ్యాటుకు తగులుతాంటే నీకు గ్యాపకం ఉంటాది."

మస్కట్ విమానాశ్రయంలో తాళాలు తీసుకుని, వెంట వచ్చిన మనిషి ముందు దర్జాగా కుడి తలుపు తెరిచి కూర్చున్నాను. ఎదురుగా స్టీరింగు లేదు. దిగితే పరువు పోతుందని ముందున్న అర తెరిచి కాగితాలు వెతుకుతున్నట్టు కాసేపు నటించాను. మా ఆయన ఎడమ తలుపు దగ్గర నిలబడి, "కాగితాలు దొరికితే ఈ పక్కకి రా," అన్నాడు. ఎనిమిది నెలల్లో కారు దగ్గర ఆయన అన్న మొదటి మాట అది.

బయటికి రాగానే ఇండికేటర్ వేయబోతే వైపర్లు లేచాయి. మన కార్లలో కుడి చేతికి ఉండేది అక్కడ ఎడమ చేతికి ఉంది. నిప్పులు చెరిగే ఎండలో ఎండిన అద్దం మీద వైపర్లు కీచుమంటూ అటూ ఇటూ ఊగుతున్నాయి, పక్క కారులో పిల్లలు నవ్వుతున్నారు. ఆపబోతే ఇంకా జోరుగా ఊగాయి. ఎడమ చెయ్యి గేరు కోసం పోయి తలుపుకి కొట్టుకుంది, కిటికీ దిగిపోయింది. ఇంత వేడిగాలి మొహాన కొట్టింది. మా ఆయన కిటికీ వైపు తిరిగి నవ్వుతున్నాడని భుజాలు చూస్తే తెలిసింది. నవ్వితే నవ్వనీ అనుకున్నాను, ఉత్త కాలు మ్యాటు మీద గట్టిగా ఆనించి పోనిచ్చాను.

పెట్రోలు బంకులో ఒక కాలికే చెప్పుతో దిగాను. అక్కడ పనిచేసే మలయాళీ అబ్బాయి కింద పడిందేమోనని పాపం కారు కిందికి వంగి వెతికాడు.

మొదటి రోజంతా అలాగే, మెల్లగా, బానే గడిచింది. రెండో రోజు కొండల రోడ్డుకి బయల్దేరాం. ఊరు దాటేముందు ఒక పెద్ద సర్కిల్. మన ఊళ్ళో సర్కిల్‌లో బళ్ళు కుడి నుంచి వస్తాయి. అందుకని నా మెడ కుడికి తిరిగింది. కుడి పక్క ఎవరూ లేరు. హమ్మయ్య అనుకుని కాలు నొక్కాను.

"ఆగు. ఎడమ పక్క."

నా కుడి కాలు బ్రేకు మీద పడింది. ఎడమ కాలు కూడా లేచి తొక్కింది, కానీ దాని కింద మ్యాటే ఉంది. మా ముందు నుంచి తెల్లటి పెద్ద కారు ఒకటి గాలి కొట్టేంత దగ్గరగా దూసుకుపోయింది. దాని హారన్ చాలా దూరం వినిపించింది.

సర్కిల్ దాటించి రోడ్డు పక్కన ఆపాను. బతికిపోయామని ఏడవాలో, ఆయన్ని తిట్టాలో తెలియలేదు. తిట్టడం సులువు కాబట్టి అదే చేశాను.

"ఎనిమిది నెలలు నోరు కుట్టేసుకుని కూర్చున్నారు. వర్తూరు రోడ్డులో ట్యాంకరు మీదికొచ్చినా పలకలేదు. ఇవాళ ఎక్కణ్ణించి వచ్చింది మాట?"

ఆయన నా వైపే చూస్తున్నాడు. తల తిప్పకుండా, ఊరికే ముందుకు తిరిగి కూర్చున్నట్టే కూర్చుని చూస్తున్నాడు.

"ఈడ నువ్వు కనపడతాండావు," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"మన ఊర్లో నువ్వు కుడి పక్క కూర్చుంటావు కదా. ముందుకు చూస్తాంటే ఆ పక్క ఏమీ ఉండదు. స్టీరింగు లేదు, నువ్వు లేవు. ఎవరూ లేని కారులో నన్నొక్కణ్ణి తీసుకుపోతాన్నట్టు ఉంటాది. దాంట్లో ఏం చెప్పేది, ఎవరికి చెప్పేది?"

"నా వైపు తిరిగితే కనిపిస్తాను కదా?"

"కనిపిస్తావు. ముప్ఫై ఏండ్లు రోడ్డు చూసినోణ్ణి, దాని మీద నుంచి కండ్లు తీసేకి భయం." నా మూతి వైపు వేలు చూపించి అన్నాడు, "స్టీరింగు పట్టుకుంటే నాలుక కొస బయట పెడతావు నువ్వు. నిన్ననే చూసినా."

ఎనిమిది నెలలు నా పక్కన ఒక మనిషి కూర్చుని, నేను లేని కారులో భయపడుతూ ప్రయాణం చేశాడు. అడిగి బాధపెట్టకూడదనుకున్న నేను నోరు మెదపలేదు. ఒక్క మాట అడిగి ఉంటే కనీసం నా గొంతైనా వినిపించేది ఆ ఖాళీలోంచి. చాలా సిగ్గేసింది. ఏడ్చాను కూడా. ఆయన అద్దం తుడిచే గుడ్డ అందించాడు, దాంతోనే మొహం తుడుచుకున్నాను.

ఆ తర్వాత ప్రతి సర్కిల్ దగ్గరా ఇద్దరం చూశాం. బళ్ళొచ్చే పక్కే ఆయనకి మిగిలిన పక్క. "రానీ", "ఇంకొకటి", "ఇప్పుడు పో". మళ్ళీ వాయింపు మొదలైంది. స్పీడు కాస్త పెరిగితే కారు టింగుమంటుంది, దాని వెనకే ఈయన. ఇంత ఇంపైన నస నేను ఎప్పుడూ వినలేదు. ఆయన వేయించిన రోడ్డు ముక్క ఏదో మలుపు నుంచి ఇంకో మలుపు దాకా, చూస్తే మిగతా రోడ్డు లాగానే ఉంది. బాగుందని చెప్పాను. "అటు పక్క వాలు చూడు, నీళ్ళు నిలవవు," అన్నాడు సంతోషంగా.

వారం తర్వాత దేవనహళ్ళి విమానాశ్రయంలో దిగాం. పార్కింగులో మా కారు మట్టి కొట్టుకుని ఉంది. నేను పోయి ఎడమ తలుపు తెరిచాను.

"అది నా సీటు," అన్నాడు వెనక నుంచి.

కుడి పక్కకి పోయి కూర్చుని, అలవాటుగా విప్పేసిన ఎడమ కాలి చెప్పు తిరిగి తొడుక్కున్నాను. క్లచ్చుకి మళ్ళీ కాలు కావాలి. ఇండికేటర్ వేయబోతే ఇక్కడా వైపర్లే లేచాయి, పోనీ అద్దం మీది మట్టైనా పోయింది. ఆయన ఎడమ సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు, ఒళ్ళో చేతులు పెట్టుకున్నాడు, ముందుకు చూశాడు. నేను మళ్ళీ మాయమైపోయానని అర్థమైంది.

మెయిన్ రోడ్డు నుంచి సర్వీసు రోడ్డులోకి దిగేచోట కాస్త ఎడమకి జరగాలి. మా ఊళ్ళో ఎడమ నుంచి ఎవరూ రాకూడదు. అందరూ అటు నుంచే వస్తారు.

"ఎడమ పక్క ఎవరన్నా ఉన్నారా?" అని అడిగాను.

ఆయన కిటికీ అద్దం దించాడు. "స్కూటరు వస్తాండాది. పోనీ. ఇంకొకటి ఉండాది, ఆగు." అది కూడా పోయింది. "ఊఁ, ఇప్పుడు పో." నేను కాలు కదిపేలోపు అడిగాడు, "కుడి పక్క?"

"నేనున్నాను," అన్నాను, గేరు వేశాను.