మా వదిన తేర్చిన బావి నూనె

రాయగడ ఆసుపత్రి నుంచి మా అబ్బాయి ఫోన్ చేసి, "అత్త మరి లేదమ్మా" అన్నాడు. ఆవిడ మా ఆయనకు అక్క, నాకు వదిన. గోదావరి వైపు చమురు బావుల దగ్గర లేబొరేటరీలో పనిచేసి, రిటైరయ్యాక రామనగుడలో మా ఇంటికే వచ్చేశారు. మా చుట్టుపక్కల ఊళ్లలో ఆడపిల్ల అలాంటి ఉద్యోగానికి వెళ్లడం అదే మొదలు. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. చెప్పుకోకపోతే ఎలా?

అప్పటికి నేను కొత్తకోడలిని. వదినదీ కొత్త ఉద్యోగమే. సెలవుకొస్తూ, బావిలోంచి వచ్చింది వచ్చినట్టు పట్టిన నమూనా ఓ చిన్న సీసాడు అడిగి తెచ్చుకున్నారు. మా అత్తగారికి పట్టలేని సంబరం. భూదేవి ఇచ్చిన నూనె కదా అని, ఎవరినీ అడక్కుండా కాస్త ప్రమిదలో పోసి దేవుడి ముందు వెలిగించారు. అది కాసేపు చిటపటలాడి కొండెక్కింది.

"దేవుడికే ఇష్టం లేదు. నువ్వు మరి ఆ నౌకరీకి ఎల్లొద్దమ్మీ" అన్నారు అత్తగారు. మామగారూ తలూపారు.

వదిన ఏడవలేదు, అరవలేదు. "అమ్మా, దాన్లో నీల్లున్నాయి. బావిలోంచి ఒట్టి నూనె రాదే. నీల్లు, గేసు, ఇసక అన్నీ కలిసొస్తాయి. తేరనీ" అన్నారు.

పొయ్యికి దూరంగా, పెరట్లో వేడినీళ్ల గిన్నెలో సీసా నిలబెట్టి పక్కనే పీట వేసుకున్నారు. నన్ను పిలిచి చూపించారు. నూనెలో చిక్కుకున్న సన్నటి నీటిబొట్లు వేడికి విడివడి కిందికి దిగాయి. అడుగున ఇసుక, దానిమీద ఉప్పునీరు, పైన నల్లటి నూనె. చల్లారితే ఆ నూనె నెయ్యిలా పేరుకుంటుందట.

"ఏ బావి గునం దానిదే అమ్మీ. అదేటిస్తే రిపోర్టులో అదే రాయాల, మనకేటి కావాలో అది కాదు" అన్నారు. తర్వాత్తర్వాత మా ఆలుమగల తగవులకు కూడా ఆవిడ మందు ఒకటే: "తేరనీ."

సాయంత్రం పైన తేరిన నూనె తీసి ప్రమిదలో పోశారు. దీపం నిలిచింది. పొగకు దేవుడి పటాలన్నీ మసిబారాయి. అత్తగారు దగ్గుకుంటూనే, "ఎలిగింది కదేటి. ఎల్లు, ఎల్లి బాగా పన్జేస్కో" అన్నారు. ఆ వారమే వదిన గుణుపురంలో బస్సెక్కారు.

పెద్దకర్మ నాడు, వదిన దగ్గర పని నేర్చుకున్న అమ్మాయిలు డ్యూటీ దిగి తిన్నగా జీపులో వచ్చారు. వాళ్లు లోపల ఫోటోకి దండం పెడుతుంటే నేను గుమ్మంలోనే ఆగిపోయాను. మా గడప ముందు, అందరి చెప్పుల పక్కన, నల్లటి మరకలు పడ్డ బరువైన బూట్లు వరసగా ఉన్నాయి. అన్నీ ఆడపిల్లల సైజులే.