నాన్న పెంచిన పటిక

సెలూన్లో గడ్డానికి పటిక రాస్తే నాన్న గుర్తొస్తారు. ఏలూరులో బడి మాస్టారాయన. సీసాలో దారానికి నెలల తరబడి పటిక స్ఫటికం పెంచేవారు. అలసి ఇంటికొచ్చి, దాన్ని తీసి కొలిచి, గోటితో గీరి చూసేవారు. దానికి ప్రాణముందనుకునేవాణ్ణి.

ఓ ఏడు కాలువకు కొత్తనీరు ఎర్రగా వచ్చింది. ఇంట్లో పటిక నిండుకుంది. అమ్మ ఆ స్ఫటికాన్నే బిందెలో కరిగేదాకా తిప్పింది.

సాయంత్రం నాన్న వట్టి దారం చూశారు.

"చంటిదానికి విరేచనాలండీ. ఆ బురదనీళ్లెలా పట్టనూ?" అంది అమ్మ.

నాన్న చెంబెత్తి తాగారు. "బాగానే తేరాయిలే."

స్ఫటికం ఆయన కడుపులో మళ్లీ పెరుగుతుందని రోజూ పొట్ట తడిమేవాణ్ణి. కళ్లు మూసుకుని తడమనిచ్చేవారు. సీసాలో మాత్రం మళ్లీ దారం కట్టలేదు.

ఎందుకని అప్పుడు అడగలేదు. నేనూ మాస్టారినై అలసి ఇంటికి రావడం మొదలయ్యాక, అడగాల్సిన పని లేకపోయింది.