ఐసు పెట్టిన చెయ్యి

మా మనవరాలి మోకాలి మీద మచ్చ వచ్చేనాటికి దానికి ఆరేళ్లు. మొదట పప్పుబద్దంత ఉండేది. ఎర్రగా, అంచులు కాస్త లేచి, నొప్పి గానీ దురద గానీ లేకుండా నెమ్మదిగా పెరిగింది. మా ఊరి ఆర్‌ఎంపీ తామర అన్నాడు. ఏడాది పాటు మూడు రకాల ఆయింట్‌మెంట్లు రాశాం. మచ్చ పిల్ల అరచేతంత అయింది.

అప్పుడు నేనూ మా కోడలూ పిల్లను తీసుకుని నరసాపురం వచ్చి, అక్కడ బస్సెక్కి రాజమండ్రి వెళ్లాం. చర్మం డాక్టరమ్మ మచ్చ మీద చిన్న గాజుపలక పెట్టి నొక్కారు. ఎరుపు తగ్గి, గాజు కింద బెల్లం రంగు చుక్కలు కనిపించాయి. ఇది చర్మానికి వచ్చే టీబీ కావచ్చని, పిల్లల్లో అరుదని చెప్పారు. కోడలు ఒప్పుకోలేదు.

"దీనికి దగ్గే లేదండి. టీబీ ఏంటండి?"

టీబీ ఊపిరితిత్తులకే రావాలని లేదని ఆవిడ అన్నారు. పిల్ల ముంజేతికి లోపలివైపు, చర్మంలోకి చిన్న సూది వేసి, చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీశారు. మూడో రోజు తెచ్చి చూపించాలన్నారు. ఈలోగా ఆ చోట రుద్దకూడదు, ఏమీ రాయకూడదు. కాగితం మీద కూడా రాసిచ్చారు. నాకప్పటికి చదవడం రాదు, అక్షరాలు దిద్దింది ఆ తర్వాతే. అయినా కోడలు చదివి వినిపించింది.

మర్నాటికి అక్కడ ఉబ్బి వేడెక్కింది. పిల్ల గోక్కుంటోంది. కోడలు చేపల గంపతో అమ్మకానికి వెళ్లింది. మా ఇళ్లల్లో రొయ్య ముల్లు గుచ్చుకున్నా, పెట్టె అంచు తగిలి బొప్పి కట్టినా చేసేది ఒకటే. చేపల పెట్టెలోంచి ఐసు ముక్క తీసి, గుడ్డలో చుట్టి, వాపు అణిగేదాకా రుద్దడం. రాయొద్దన్నది మందులనుకున్నాను. రుద్దొద్దన్నది చేత్తో అనుకున్నాను. రెండు రోజులూ పెట్టాను. వాపు తగ్గింది, పెన్ను గీత చెరిగిపోయింది. కోడలు అడిగితే స్నానంలో పోయిందన్నాను.

మూడో రోజు డాక్టరమ్మ సూది వేసిన చోట వేలితో తడిమి, స్కేలుతో కొలిచి, వాపు అనుకున్నంత గట్టిగా లేదని, టీబీ కాకపోవచ్చని అన్నారు. ఇంకో రెండు నెలలు వేరే ఆయింట్‌మెంటు వాడి చూద్దామని చీటీ రాయబోయారు. కోడలి మొహం తేటపడింది. రెండు నెలల్లో ఆ మచ్చ ఎంత పాకుతుందో నాకు తెలుసు. కోడలి ముందే చెప్పేశాను.

"నేను ఐసు పెట్టి రుద్దానండి. రెండు రోజులూ."

పెన్ను ఆగింది. "ఎందుకు మామ్మగారూ?"

"వాచిందండి."

"వాస్తుందో లేదో చూద్దామనే కదండీ ఆ సూది వేసింది."

కోడలు నా వైపు చూడకుండా, "చేపనైనా ఇంత శ్రద్ధగా ఐసులో పెట్టదండి మా అత్త," అంది. నర్సు నవ్వింది.

డాక్టరమ్మ నవ్వలేదు. ఈ కొలతను ఇక నమ్మలేనని, మచ్చలోంచే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతానని చెప్పారు. కోడలు బయటికి వెళ్లిపోయింది. పిల్ల తలను నేనే ఒళ్లో పెట్టుకుని పట్టుకున్నాను. ఒక కుట్టు పడింది.

కొన్ని వారాలకు టీబీ అనే తేలింది. ఇంట్లో అందరికీ ఎక్స్‌రేలు తీయించారు, ఎవరికీ ఏమీ లేదు. పిల్లకు ఆరు నెలలు మాత్రలు. మొదటి రోజు మూత్రం ఎర్రగా వస్తే నేను లేచాను. "అది మందు రంగే అత్తా, మీరేం చెయ్యకండి," అంది కోడలు.

రెండో నెలకు అంచులు అణిగాయి. ఆఖరికి చదునైన తెల్లటి మచ్చ మిగిలింది. ఆ ఆరు నెలల్లో ఒక్క మాత్ర కూడా కోడలు నా చేత వేయించలేదు. నేనూ అడగలేదు.