రెండో బేసిన్

ఎవరైనా వాంతి చేసుకుంటే చాలు, చిన్నప్పటినుంచీ ఇంగ్రిడ్‌కీ వాంతొచ్చేది. అలాంటి పిల్ల డాక్టరవుతానంది. రోగులకు సేవ చేసిన అనుభవం లేనిదే మెడికల్ కాలేజీ గడప తొక్కనివ్వరని, అమెరికాలోని డులూత్ ఊళ్లో ఒక వృద్ధాశ్రమంలో ఆయాగా చేరింది. సంగతి తెలిసిన నర్సు లొరెయిన్ ఆనాటినుంచీ రెండు బేసిన్లు పట్టుకు తిరిగేది.

"ఒకటి వాళ్లకి, ఒకటి నీకు, మహాతల్లీ!"

ఒక ఉదయం ఓట్స్ జావ తాగుతూ ఆర్విడ్ తాత ఆమె బూట్లమీదే భళుక్కున కక్కేశాడు. ఇంగ్రిడ్ ఆయన నుదురు పట్టుకుంది, మూతి తుడిచింది, వీపు నిమిరింది.

"నీ బూట్లు నాశనం చేశానే, పిల్లా!"

"కడిగితే సరి తాతా. కడుపు తేలికపడిందా?"

లొరెయిన్ రెండో బేసిన్ చాచింది. "ఊఁ, ఇక నీ వంతు. కానీ!"

అప్పుడుగానీ ఇంగ్రిడ్‌కి తన కడుపు సంగతి గుర్తురాలేదు. కాసేపు ఎదురుచూసింది. అది కిక్కురుమనలేదు.

"అమ్మయ్య! ఆకలేస్తోందక్కా" అంది.