కారు విలువ సున్నా అని రాసిన పిన్ని

పిన్ని పోయిందన్న కబురు నాకు ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో మెకానిక్ షాపులో ఉండగా అందింది. కారును జాకీ మీదికెత్తి, చక్రాలు విప్పి బ్రేకులు చూస్తున్నాం. ఫోన్ చేసింది అమ్మ. పొద్దున్న టీ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే వాలిపోయిందట. పక్కింటివాళ్లు ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే ప్రాణం పోయింది. నా మాటలు విని, మెకానిక్ దిలీప్ దా స్పానర్ కింద పెట్టి "మాసీమా?" అని అడిగాడు. పిన్నిని ఆయన అలాగే పిలిచేవాడు. తల ఊపాను. ఆయన చేతులు తుడుచుకుని, షాపు షట్టర్ సగం కిందికి లాగాడు. ఆ షాపులో ప్రతి బిల్లు మీదా వాదించిన మనిషి మా పిన్ని. ఆమె కోసం అక్కడ షట్టర్ దిగుతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

పోయిన నెల సంగతి ఇది. ఇంకా ఆమెను గురించి "ఉండేది" అని రాయడం చేతికి అలవాటు కాలేదు.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాడు. ఆయన పిల్లల్లో ఆఫీసు ఉద్యోగం తెచ్చుకున్నది పిన్ని ఒక్కతే. రైల్వే అకౌంట్స్‌లో చేరి, అక్కడే రిటైరయింది. బాబాయి తొందరగా పోయాడు. పిల్లలు లేరు. చాలాకాలం ట్రాఫిక్ కాలనీలో రైల్వే క్వార్టర్లో ఉండి, ఉద్యోగం అయిపోయాక తాల్‌బగీచాలో రెండు గదుల ఇల్లు కట్టుకుంది. జీవితంలో స్కూటర్ కూడా నడపలేదు. రిక్షా ఎక్కినా పక్క కమ్మీ గట్టిగా పట్టుకుని కూర్చునేది. వేగమంటే అంత భయం. అలాంటి మనిషి పదేళ్లపాటు నా కారు పందేలకు బడ్జెట్ వేసిందంటే ఎవరూ నమ్మరు.

నేను ఖరిదాలో ఒక స్కూల్లో సైన్స్ చెబుతాను. అదే స్కూల్లో జాగ్రఫీ చెప్పే మౌ నాకు స్నేహితురాలు. ఒక శీతాకాలం ఇద్దరం ఝాడ్‌గ్రామ్ వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన జనం గుంపుగా నిలబడి ఉన్నారు. ఏమిటా అని దిగి చూశాం. సాల అడవిలోంచి ఎర్రమట్టి లేపుకుంటూ ఒక చిన్న కారు మలుపు తిరిగి మా ముందు నుంచి దూసుకుపోయింది. ర్యాలీ అట. అందరూ ఒకేసారి పరుగెత్తే పందెం కాదది. ఒక్కో కారు విడివిడిగా బయల్దేరుతుంది. డ్రైవరు బండి నడిపితే, పక్క సీట్లో మనిషి రాబోయే దారిని చదివి చెబుతుంటాడు. ఎవరు తక్కువ సమయంలో చేరితే వాళ్లు గెలిచినట్టు. ఇంటికి బయల్దేరాం. ఊరు దగ్గరపడ్డాక మౌ "పక్క సీటు నాది" అంది. అంతే.

కారు కొనడానికి నా దగ్గర డబ్బు లేదు. అమ్మ పెట్టిన బంగారు గాజులున్నాయి. అవి కుదువ పెడతానంటే అమ్మ ఏడ్చింది. మా ఆయన కోప్పడలేదు గాని, రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడాడు. చివరికి ఇద్దరూ కలిసి నన్ను పిన్ని దగ్గరికి పంపారు. లెక్కల మనిషి గదా, నాలుగు చీవాట్లు పెట్టి ఈ పిచ్చి వదిలిస్తుందని వాళ్ల ఆశ.

పిన్ని చీవాట్లు పెట్టలేదు. గిన్నెలో మూడీ, అదే మరమరాలు, వేసి, ఆవనూనె చుక్క, పచ్చిమిరప ముక్కలు కలిపి నా ముందు పెట్టింది. "ఏటేటి కావాలో సెప్పు" అంది. తన సిగలోంచి పెన్సిలు తీసింది. పెన్సిలు అక్కడ పెట్టుకోవడం ఆఫీసు రోజుల అలవాటు. పాత క్యాలెండర్ కాగితాలు చించి, వెనక తెల్లవైపు వాడుకోవడం ఇంకో అలవాటు.

నేను ఉత్సాహంగా చెప్పుకుపోయాను. పాత కారు, ఇంజను పని, మంచి టైర్లు, పోటీ ఫీజు. ఆమె ఆ వరుసలోనే రాసుకుంది. రాశాక ఆ కాగితం పక్కన పెట్టి ఇంకోటి తీసింది. ఈసారి కింది నుంచి పైకి రాయడం మొదలుపెట్టింది. అన్నిటికంటే కింద, నేను ర్యాలీ నుంచి తిరిగొచ్చిన తర్వాతి నెలకు మా ఇంటి ఖర్చు. దానిపైన తిరుగు ప్రయాణం. బండి నడిచినా సరే, లారీ మీద ఎక్కించుకు రావాల్సి వచ్చినా సరే. దానిపైన హెల్మెట్లు, బెల్టులు, కారు లోపల బిగించే ఇనుప పంజరం. దానిపైన విరిగేవి, అరిగేవి. తర్వాత పెట్రోలు, బస, తిండి, ఫీజు. అన్నీ అయ్యాక పైన మిగిలిన జాగాలో "కారు" అని రాసింది.

"కొనేదానికి ఎంతైనా పెట్టు. కొన్న రోజే దాని విలువ సున్నా అని రాసుకోవాల" అంది.

నాకు చురుక్కుమంది. సున్నా ఎందుకు, రేపు అమ్మితే సగమైనా రాదా అన్నాను.

"ఆ కారు లోయలో పడిపోయినా మీ ఇల్లు నడుస్తాదేటి? నడిస్తేనే దాన్ని లోయ పక్కకి తీసికెళ్లు. లేకపోతే వద్దు."

కాగితం ప్రకారం చూస్తే మేం అనుకున్న ర్యాలీకి ఆ ఏడాది తూగం. ఆ మరుసటి ఏడాదీ తూగం. కానీ పిన్ని "మానుకో" అనలేదు. తక్కువలో ఏముందో కనుక్కురమ్మంది. మౌ వెతికి పట్టుకుంది. వేగంతో పనిలేని ర్యాలీలు కూడా ఉంటాయి. మామూలు కారుతో, మామూలు రోడ్డు మీద, చెప్పిన సగటు వేగంతో, సరిగ్గా చెప్పిన సమయానికి చేరాలి. ముందొచ్చినా, ఆలస్యమైనా మార్కులు పోతాయి. ఇనుప పంజరం అక్కర్లేదు. గాజులు కుదువ పెట్టక్కర్లేదు. మా ఆయన పాత కారే చాలు. పిన్ని కాగితం చూసి, "దీంతో నేర్చుకోండి. పెద్దదానికి నెల నెలా కొంత వేసుకుందాం" అంది. ఆ "వేసుకుందాం" అన్న మాటలో తనూ ఉందని నాకు అప్పుడు తట్టలేదు. ఆ తర్వాత ప్రతి నెలా పెన్షన్ వచ్చినరోజు తనూ కొంత వేసేది. వద్దంటే, నాకు సినిమాలు లేవు, షికార్లు లేవు, నా షికారు ఇదే అనుకో అనేది.

అలాంటి ఒక ర్యాలీకి పొద్దున్నే బయల్దేరబోతుంటే మౌకి జ్వరం తగిలింది. కట్టిన ఫీజు తిరిగి రాదు. పిన్ని చీర కొంగు నడుముకి దోపుకుని వచ్చి పక్క సీట్లో కూర్చుంది. కూడికలు, భాగహారాలే గదా, నేను చేస్తానంది. నిజంగానే చేసింది. ఒక చేత్తో తలుపు పిడి పట్టుకుని, ఇంకో చేత్తో పెన్సిలు పట్టుకుని, "ఇప్పుడు నిదానం... ఇప్పుడు కొంచెం తొక్కు" అని చెబుతూ వచ్చింది. సగం దారి దాకా మేం చాలా బాగున్నాం. తర్వాత అడవి మొదట్లో కొందరు ఊరివాళ్లు చేతులడ్డం పెట్టి ఆపారు. ముందు ఏనుగులున్నాయి, దాటుతున్నాయి అన్నారు. మెల్లగా పోదామా అని నేను గేరు మీద చెయ్యి వేశాను. పిన్ని నా చెయ్యి మీద తన చెయ్యి పెట్టింది. అద్దం దించి, బెంగాలీలో వాళ్లను పిల్లల గురించీ, ఆ ఏడాది ఏనుగులు ఎంత వరి తొక్కేశాయన్న దాని గురించీ అడుగుతూ కూర్చుంది. ఎప్పటికో దారి తెరిచారు. మేం అందరికంటే ఆఖర్న చేరాం.

ఆ తర్వాత ఆమె వేసిన ప్రతి బడ్జెట్‌లోనూ "ఏనుగులు" అని ఒక పద్దు చేరింది. అనుకోని ఖర్చులకు మా ముగ్గురిలో పేరు అదే. ఫ్యాన్ బెల్టు తెగినా, వానకి లాడ్జిలో ఇంకో రాత్రి ఉండాల్సి వచ్చినా, మౌ "ఏనుగుల్లోంచి తియ్యి" అనేది.

నాలుగేళ్లు అలా గడిచాక అసలు ర్యాలీకి సరిపడా జమ అయింది. దిలీప్ దా ఒక పాత చిన్న కారు చూసిపెట్టాడు. నేను అక్కడా ఇక్కడా తగ్గించాలని చూశాను. ఎవరో వాడిన హెల్మెట్లు సగం ధరకు ఇస్తామన్నారు. పంజరం కూడా ఊళ్లో వెల్డింగ్ షాపులో మామూలు గొట్టాలతో చేయిద్దామనుకున్నాను. గోల్‌బజార్‌లో కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరమాడే పిన్ని ఆ రోజు నా కాగితం మీద రెండు గీతలు కొట్టింది.

"తలకాయకి బేరం ఆడకు. టైర్లు పాతవి ఎయ్యి. గెలవకపోతే పోనాది."

పాత టైర్లే వేశాం. హెల్మెట్లు కొత్తవి కొన్నాం. పంజరం నిబంధనల ప్రకారం చేసేవాళ్ల దగ్గర చేయించాం. దాంతో ఆ పోటీ ఒక సీజను వెనక్కి పోయింది. నేను గొణుక్కున్నాను. ఆమె వినిపించుకోలేదు.

పురూలియా వైపు జరిగింది ఆ ర్యాలీ. రెండో రోజు మధ్యాహ్నం, కుడి మలుపులో వెనక చక్రం గట్టు అంచు గాడిలో దిగింది. కారు లేచింది. ఆకాశం, మట్టి, మళ్లీ ఆకాశం కనిపించాయి. ఎండిన కాలువలో తలకిందులుగా ఆగాం. బెల్టులకు వేలాడుతున్నాం. చెవుల్లో హోరు తప్ప ఏమీ వినిపించలేదు. కాసేపటికి పక్కనుంచి మౌ గొంతు, "ఠీక్ ఆఛి... నేను బాగానే ఉన్నాను, నువ్వు?" అంది. పైకప్పు మొత్తం సొట్టపోయింది. మా తలల మీద ఆ ఇనుప గొట్టాలు మాత్రం వంగలేదు. మౌ హెల్మెట్ ఒక పక్క పగులు తీసింది. లోపల తల బాగానే ఉంది.

డాక్టర్లు చూసి పంపాక నేను మొదట ఫోన్ చేసింది పిన్నికి. బండి తిరగబడిందని చెప్పాను. ఆమె అడిగింది. "ఇద్దరికీ మెడ తిరుగుతోందేటి?" తిరుగుతోందన్నాను. కారు, పిన్నీ, అని మొదలుపెట్టబోయాను.

"కారు మాట ఎత్తకు. అది కొన్ననాడే పోయినాది. మీరు రండి."

కారును ఎక్కించడానికి లారీకి, మేం ఇల్లు చేరడానికి బండికి డబ్బు విడిగా ఉంది. ఎవరినీ అడగక్కర్లేకపోయింది. తాల్‌బగీచా చేరేసరికి పిన్ని అన్నం, మిరియాల చారు పెట్టుకుని కూర్చుంది. మమ్మల్నిద్దర్నీ కింద కూర్చోబెట్టి, చిన్నప్పుడు పేలు చూసినట్టు, జుట్టులో వేళ్లు పెట్టి తలంతా తడిమింది. ముందు మౌని, తర్వాత నన్ను. ఎక్కడా దెబ్బ లేదని తేలాక మళ్లీ మొదటి నుంచి తడిమింది.

"మానీమని సెప్పాలనుంది. గాని సెప్పను" అంది. "మళ్లీ ఎల్తావా?"

తెలీదన్నాను.

"తెలిసినాక రా. అప్పుడు కాగితం తీద్దాం."

ఏడాది దాటాక వెళ్లాను. ఎందుకొచ్చావని అడక్కుండా మూడీ గిన్నె పెట్టి, సిగలో పెన్సిలు వెతుక్కుంది.

మాతో పాటు మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. ఒకరు అప్పులపాలై కారు తుక్కుకి అమ్మారు. ఇంకొకరు ఇంట్లో గొడవలతో మానేశారు. మాకంటే చాలా బాగా నడిపేవాళ్లు వాళ్లు. మేం ఏడాదికి ఒకటో రెండో పోటీలకు వెళ్తాం. ఒక్కసారి కొత్తవాళ్ల తరగతిలో మూడో స్థానం వచ్చింది, అంతకు మించి చెప్పుకోవడానికేం లేదు. కానీ ఇంకా నడుపుతున్నాం. మా ఆయన ఇప్పుడు టైర్లు విప్పడానికి సాయం వస్తాడు. అమ్మ గాజులు నా చేతికే ఉన్నాయి. నా సంతోషానికి ఇంట్లో ఎవరూ దుఃఖపడకుండా పిన్ని చూసింది. మనకిష్టమైన పని మానమని చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. కానీయ్ అని చప్పట్లు కొట్టేవాళ్లూ దొరుకుతారు. కూర్చుని, అది ఎలా కుదురుతుందో మనతో పాటు ఆలోచించే మనిషి దొరకడం అదృష్టం. నాకు దొరికింది.

తనకు ఎంత భయమో మాత్రం ఆమె ఎప్పుడూ చెప్పలేదు. పోటీల రోజున పొద్దున్నుంచి ఏమీ తినేది కాదని ఈ మధ్యే అమ్మ చెప్పింది.

ఇన్నేళ్లలో పిన్ని పందెం చూడ్డానికి వచ్చింది ఒకేసారి, పోయిన శీతాకాలం. ఝాడ్‌గ్రామ్ అడవి దారిలో, జనం నిలబడే చోట, తాళ్లకు బాగా వెనక ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించి కూర్చోబెట్టాం. నా కారు ఆమె ముందు నుంచే వెళ్లింది, కానీ నేను చూడలేదు, చూడకూడదు. ముగించి, కారు అప్పగించి, మౌ నేనూ వెతుక్కుంటూ నడిచి వెళ్లేసరికి ఎండ వాలిపోయింది. జనం చాలావరకు వెళ్లిపోయారు. ఆమె అక్కడే ఉంది. నెరిసిన జుట్టంతా ఎర్రమట్టి పట్టి, కనుబొమలు కూడా ఎర్రగా అయ్యాయి. దులుపుకోలేదు. కళ్లు మూసుకుని, తల కొంచెం పక్కకి వంచి ఉంది. ఒంట్లో బాగాలేదేమోనని కంగారుగా పిలిచాను. కళ్లు తెరవకుండానే వేలు పైకెత్తింది.

"ఉండు" అంది. "ఇంకోటి వస్తన్నాది."

ముగ్గురం విన్నాం. సాల చెట్ల వెనక, చాలా దూరంలో, ఇంజను చప్పుడు మెల్లగా దగ్గరవుతోంది.